మగ్గం గుంటలో పొడల పెట్ట

మా ఇంట్లో కోళ్ళు ఎందుకని ఎవరైనా అడిగితే గుడ్ల కోసం అని చెబుతాను. అది సగమే నిజం. పొద్దున లేచింది మొదలు గుంట మగ్గంలో కాళ్ళు దించుకొని కూర్చునే వాడికి, తల ఎత్తినప్పుడు చూడడానికి వాకిట్లో ఏదో ఒకటి తిరుగుతుండాలి. పడుగు మాట్లాడదు, పేక మాట్లాడదు. కోళ్ళు ఊరుకోవు.

మాకు మూడు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. నల్లపెట్ట గుడ్డు పెట్టిందంటే వాడకట్టంతా తెలియవలసిందే. లోకంలో ఇంతకు ముందు ఎవరూ గుడ్డు పెట్టనట్టు అరిచేది. బోడమెడ పెట్టకు అంత ఓపిక లేదు. నల్లది పెట్టి లేచిపోగానే ఆ గుడ్డు మీద నిలబడి తానే పెట్టినట్టు అరిచేది. ఒంటినిండా చుక్కలున్న పొడల పెట్ట మాత్రం గుట్టు మనిషి. ఎక్కడ పెడుతుందో చెప్పదు. పని ముగించుకొని ఏమీ ఎరగనట్టు వచ్చి నూకలు ఏరుకునేది. కట్టెల మోపు సందులో, పాత చాటలో, ఒకసారి మా అవ్వ మడిచి పెట్టుకున్న గొంగడి నడుమ దాని గుడ్లు దొరికాయి. వెతకడం నాకు ఎంత ఇష్టమంటే, దొరికిన రోజు ఇంకా కొంచెం సేపు దొరకకుండా ఉంటే బాగుండేదనిపించేది.

ఇంకొక సుఖం ఉంది. అప్పుడే పెట్టిన గుడ్డును కళ్ళు మూసుకొని రెప్పల మీద ఆనించుకోవడం. దారం చూసి చూసి మండిన కళ్ళకు ఆ వెచ్చదనం ఏ మందూ ఇవ్వదు. "గుడ్డును మొక్కుతున్నవా, తింటవా?" అని మా అవ్వ, అంటే మా అమ్మ ఐలవ్వ, ఎగతాళి చేసేది. మొక్కితే తప్పేముందని నేను మనసులో అనుకునేవాణ్ణి. నాలుగు నూకలు తిని అంత నున్నటి వస్తువును చేసి ఇచ్చే జీవి లోపల దేవుడు కూర్చోలేదని ఎట్లా చెప్పగలం?

మా ఊరు పెద్దపల్లికి పొద్దున నడక మొదలుపెడితే ఎండ ముదరక ముందే చేరేంత దూరం. ఊళ్ళో రాములవారి గుడి చిన్నదే. కానీ శ్రీరామనవమి నాడు సీతారాముల పెండ్లికి కట్టే బట్టలు మా పద్మశాలి వాడకట్టు నుంచే పోవాలి. ఏటా ఒక ఇంటి వంతు. వంతు వచ్చిన ఇంటికి పట్టింపులు చాలా ఉంటాయి. దేవుడి బట్టకు నూలు తెచ్చింది మొదలు బట్ట మగ్గం దిగేదాకా ఆ ఇంట్లో నీసు వండకూడదు. మాంసం సరే, గుడ్డు కూడా పొయ్యి మీదికి ఎక్కకూడదు. నేసేవాడు తలస్నానం చేసి, మడి కట్టుకొని, ఒక్కపొద్దు ఉండి నేయాలి. మగ్గం మీద ఉండగా ఏ జీవి తాకినా లేచిపోయి మళ్ళీ స్నానం చేసి రావాలి.

హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి ఏడు ఆ వంతు మా ఇంటికి వచ్చింది. మా బాపు బతికుండగా ఒకసారి వచ్చింది కానీ, ఆయన నడుమలో జ్వరంతో మంచాన పడ్డాడు. బట్ట ఇంకొక ఇంటి నుంచి పోయింది. "మన ఇంటి బట్ట రాముని ఒంటికి ఎక్కలేదు" అన్న మాట ఆయన పోయేదాకా మా అవ్వ విన్నది. కాబట్టి ఈసారి బట్ట మా ఇంటి నుంచే పోవాలి. మా అవ్వకు కోరిక అంతకంటే ఏమీ లేదు. నాకూ లేదు.

పక్కింటి దశరథానికి మాత్రం ఉంది. దశరథం నాకంటే మంచి నేతగాడు. ఆ మాట ఆయన అనక ముందే నేను ఒప్పుకుంటాను. దేవుడి బట్ట ఏటా తానే నేయాలని ఆయన అభిప్రాయం. వంతుల ఏర్పాటు చేసిన మన పెద్దలకు నేత తెలియదనేవాడు.

ఫాల్గుణంలో కోళ్ళు గుడ్లు బాగా పెడతాయి. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో నీసు బందయింది. నల్లపెట్ట రోజూ పెట్టి అరుస్తుంటే మాకు నోరూరడం తప్ప చేసేదేమీ లేదు.

"ఎండలకు ఊకెనే పాడైతయి" అంది మా అవ్వ. "దశరథం ఇంటికి ఇయ్యి సక్కుబాయి. వాని వంతు కాదు గద, తింటడు."

నా భార్య సక్కుబాయి మరాఠీ మాట కలిసే బోథ్ దిక్కు పిల్ల. పక్కింటివాళ్ళతో మంచిగా ఉండాలనే మనిషి. రోజూ గుడ్లు కొంగులో పెట్టుకొని గోడ మీది నుంచి అందించేది. పొద్దుగూకేసరికి ఉల్లిగడ్డ, గుడ్డు వేగే వాసన అదే గోడ మీది నుంచి మా ఇంటికి వచ్చేది. దశరథం వాకిట్లో మంచం వేసుకొని తింటూ, "పర్శరాం, మీ నల్లపెట్ట గుడ్డు మస్తుగున్నది!" అని గట్టిగా చెప్పేవాడు. నేను రామ రామ అనుకునేవాణ్ణి.

నూలు తెచ్చి, పడుగు తోడి, వీధిలో చాపి గంజి పెట్టేదాకా మగ్గం ఖాళీగా ఉంది. గుంటలోకి ఎవరూ చూడలేదు. కాముని పున్నమి తరువాతి పంచమి మంచిరోజని పడుగు మగ్గానికి ఎక్కించాం. మా అవ్వ కొబ్బరికాయ కొట్టింది. సక్కుబాయి హారతి ఇచ్చింది. తడి ధోవతితో నేను మగ్గం ముందు కూర్చొని, రాములవారిని తలచుకొని, గుంటలోకి కాళ్ళు దించాను.

ఎడమ కాలి బొటనవేలి మీద గట్టి పోటు పడింది.

"అబ్బా!" అని కాళ్ళు పైకి లాగాను.

"ఏందిరా? తేలు కుట్టిందా?" అంది అవ్వ.

"తేలైతే గిట్ల తిట్టదవ్వా!"

గుంటలోంచి కుర్ర్‌మని గురక లాంటి చప్పుడు వస్తోంది. సక్కుబాయి దీపం తెచ్చి వంగింది. తెగిన దారాలు పోగుపడే ఎడమ మూలలో, ఆ దారాల కుప్పనే గూడు చేసుకొని, పొడల పెట్ట రెక్కలు విప్పి గంప బోర్లించినట్టు కూర్చుని ఉంది. మేము వారమంతా వెతికి దొరకలేదనుకున్న గుడ్లన్నీ దాని కిందే ఉన్నాయి. అప్పటికే పొదుగుడు మొదలుపెట్టింది. చైత్రం వస్తున్న ఎండలకు ఊళ్ళో ఆ గుంటకంటే చల్లటి చోటు లేదని దానికి ఎవరు చెప్పారో!

"తీసి అవతల పెట్టు" అన్నాను.

"పొదుగుడు మీద ఉన్నదాన్ని లేపుతవా?" అంది సక్కుబాయి. "నన్ను కన్న ఆయి అయితే పొదిగే పెట్ట ఉన్న అర్రల గట్టిగ మాట్లాడనియ్యకపోయేది. అది బాలింత లెక్క."

"బాలింతనే కానియ్యి. దేవుని బట్ట కింద కాన్పు ఏందే?"

మా అవ్వ కాసేపు ఆలోచించి, గడ్డి పరచిన గంప తెప్పించింది. సక్కుబాయి పెట్టను, గుడ్లను అందులోకి మార్చి వంటింటి మూలన పెట్టింది. పెట్ట గంపను ఒక్క తన్ను తన్ని, మా కాళ్ళ సందుల నుంచి పరుగెత్తి, గుంటలో దూకి, ఖాళీ దారాల మీద నిలబడి ఊరు లేచిపోయేట్టు అరిచింది. మళ్ళీ పట్టి గంపలో పెట్టారు. మళ్ళీ వచ్చింది. గుడ్లు చల్లబడుతున్నాయి. సక్కుబాయి వాటిని కొంగులో పెట్టుకొని పొట్టకు హత్తుకొని నా వైపు చూసింది.  ఆ చూపుకు నేను తల తిప్పుకున్నాను.

నాకు రెండు పాపాలు కనిపించాయి. దేవుడి బట్ట కింద కోడిని కూర్చోబెట్టడం ఒకటి, తల్లిని గుడ్ల మీది నుంచి లేపడం ఒకటి. ఏది చిన్నదో నాకెవరూ నేర్పలేదు. నేను చదివిన మూడు తరగతుల్లో ఆ పాఠం లేదు.

"పెట్టెయ్యే, ఆడనే పెట్టెయ్యి" అంది అవ్వ చివరికి. "నువ్వు దాన్ని ముట్టకురా. అయిపాయె."

"అది నన్ను ముడితే?"

"తానం జేసి రా."

అట్లా తీర్మానమైంది. బయట ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే మైల పట్టిందని కులపెద్ద బట్టను మగ్గం మీదే ఆపుతాడు. వంతు మళ్ళీ చేయి దాటిపోతుంది.

గుంటలో కాలి కింద ఉండే ఎడమ పలక తొక్కినప్పుడల్లా పొడలది గురక పెట్టేది. వేలు కొంచెం అవతలికి పోతే పొడిచేది. పొడిచినప్పుడల్లా నేను లేచి, వీధి చివరి బావికి పోయి తల మీద నీళ్ళు పోసుకొని వచ్చేవాణ్ణి. మొదటి రోజు నేసినదానికంటే స్నానాలే ఎక్కువయ్యాయి. వేళ్ళకు గుడ్డ చుట్టుకున్నాను.

"అవ్వా, గుడ్డ మీద పొడిస్తే అంటయితదా?"

"గుడ్డ ఎవలిది?"

"నాదే."

"అయితే పో, తానం జెయ్యి."

బావి దగ్గర కులపెద్ద కొమురెల్లి కాక వేపపుల్లతో పళ్ళు తోముతూ కూర్చునేవాడు. పెద్ద మీసం, మెత్తని మనసు. దేవుడి పేరు చెబితే కళ్ళ నీళ్ళు పెట్టుకునే మనిషి.

"ఏం పర్శరాం, పొద్దుగాల్నే ఒకమారు జేస్తివి గద?" అని అడిగాడు.

"అంటు తాకింది కాక."

"మగ్గం కాడ అంటేందిరా?"

నేను చేద బావిలోకి వదిలాను. కడవ ముంచుతున్న సక్కుబాయి కొంగు తల మీదికి లాక్కొని, "మనసుల ఒక చెడ్డ ఆలోచన వచ్చినా తానం జేస్తుండు కాక. ఏం జేయాలె, పరేషాన్ ఉన్నది ఆయనతోని" అంది.

కొమురెల్లి కాక నోట్లోంచి వేపపుల్ల తీశాడు. నా వైపు తిరిగాడు. రెండు చేతులూ జోడించాడు.

ఇంటికి రాగానే సక్కుబాయిని నిలదీశాను. "దేవుని బట్ట నేసే ఇంట్ల అబద్ధం ఆడుతవా?"

"అబద్ధం ఏడున్నది? గా పెట్టను కోసి కూర వండుకుందామన్న ఆలోచన నీకు రాలే?"

"వచ్చింది."

"మరి అది మంచి ఆలోచననా?"

ఆ మాట వాడకట్టులో పాకింది. ఒక్క చెడ్డ తలంపు కలిగినా పర్శరాములు బావికి పరుగెత్తుతాడట. నేను తడి బట్టలతో వీధిలో పోతుంటే ఆడవాళ్ళు పక్కకు జరిగి దారి ఇవ్వసాగారు. పొడిచిన చోట మంటకు నేను కుంటితే, తపస్సు వల్ల నీరసించాడనేవారు. నాకు సిగ్గుగా ఉండేది. లేని భక్తిని జనం నా మీద కప్పుతున్నారు, అది కోడి ముక్కు పుణ్యం. కొమురెల్లి కాకకు నిజం చెప్పేస్తానని ఒకటి రెండు సార్లు అన్నాను. "బట్ట దిగినాక చెప్పు, ఎవలు వద్దన్నరు?" అనేది అవ్వ.

కానీ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ పెట్ట తోడు నాకు బాగుండేది. నాలుగైదు రోజుల్లో నా కాలికి దాని హద్దు తెలిసింది, దానికి నా పలక చప్పుడు తెలిసింది. పేక దారం మోసే నాడె అటు పోతే నేను "రామ" అనేవాణ్ణి, ఇటు వస్తే అది "కుర్ర్" అనేది. పేక తెగి నేను ఆగిపోతే అది తల పైకెత్తి, ఎందుకాగావన్నట్టు ఒక కంటితో చూసేది. రోజుకు ఒక్కసారి లేచి, వాకిట్లోకి పోయి, ఒళ్ళు దులుపుకొని, ఆదరాబాదరాగా నూకలు తిని నీళ్ళు తాగి, బూడిదలో పొర్లేది. అప్పుడు ఎలుకలు రాకుండా గుడ్లకు కాపలా నాది. పుంజు పలకరించబోతే దాన్ని కసిరి పరుగున వచ్చేది. వచ్చాక ముక్కుతో గుడ్లను తిప్పి, అంచున ఉన్నవాటిని నడుమకు, నడుమవాటిని అంచుకు జరిపేది. ఏ గుడ్డునూ చల్లని వైపు ఎక్కువసేపు ఉండనిచ్చేది కాదు. వంతులు ఎట్లా వేయాలో దానికి తెలిసినంత మా కులానికి తెలియదనిపించేది.

చీర సగం దాటాక ఒక పొద్దున కొమురెల్లి కాక బట్ట చూడడానికి వచ్చాడు. వెంట దశరథం. మా అవ్వ వాళ్ళను గడపలోనే ఆపి, "మడి, మడి" అంటూ దూరంగా కూర్చోబెట్టింది. నేను తల వంచుకొని నేస్తున్నాను. ఎడమ పలక తొక్కాను. కుర్ర్.

"గా సప్పుడేంది?" అన్నాడు కాక.

"కడుపు" అంది అవ్వ. "ఒక్కపొద్దు ఉంటుండు గద కొమురెల్లన్నా."

"గింత ఘోరంగ మొరుగుతదా?"

మళ్ళీ పలక. మళ్ళీ కుర్ర్. కాక కళ్ళు తడయ్యాయి. దశరథం మాత్రం మెడ పక్కకు వంచి చెవి పెట్టాడు.

"పర్శరాం, నీ కడుపు ఎడమ మోకాలి కాడ ఉన్నదా ఏంది?"

"ఆకలైతే కడుపు కిందికి జారుతది" అంది అవ్వ తడుముకోకుండా. "నీకేం ఎరుక, రోజు గుడ్లు మింగేటోనికి!"

దశరథం నవ్వలేదు. బట్ట అంచును దూరం నుంచే పరకాయించి చూసి, "పోగులు జర వదులుగున్నయి" అని లేచిపోయాడు. ఆనాటి నుంచి ఆయన మగ్గం వేళ కాని వేళల్లో ఆడడం వినిపించేది, తలుపులు మూసి. ఏం నేస్తున్నావని సక్కుబాయి గోడ మీది నుంచి అడిగితే తువ్వాలలు అన్నాడట. నల్లపెట్ట గుడ్లు మాత్రం ఎప్పటిలాగే అందుకున్నాడట.

నవమి దగ్గరపడింది. రాములవారి ధోవతి, కండువా ముందే ముగిశాయి. సీతమ్మ చీర కొంగు మాత్రం మిగిలింది. నవమి నాడు పొద్దున్నే స్నానం చేసి వచ్చి కాళ్ళు దించేసరికి గుంటలో కొత్త చప్పుడు వినిపించింది. గురక కాదు. కియ్ కియ్‌మని, దారం కంటే సన్నగా. సక్కుబాయి వంగి చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. పొడల పెట్ట రెక్క కింది నుంచి పసుపు రంగు తల ఒకటి బయటికి వచ్చి లోకాన్ని చూసి మళ్ళీ లోపలికి పోయింది.

"ఇయ్యాల్నే పుట్టాల్నా!" అన్నాను.

"నవమి నాడు పుట్టిన్రు. నువ్వు వద్దంటవా?" అంది సక్కుబాయి.  రాములవారు కూడా ఎవరి వీలూ చూసుకొని పుట్టలేదు.

జానెడు నేత మిగిలి ఉండగానే వీధిలో డప్పులు వినిపించాయి. కొమురెల్లి కాక తలపాగా చుట్టుకొని, కులం వాళ్ళందరినీ వెంటబెట్టుకొని వచ్చేశాడు. వెనక దశరథం, చంకలో ఏదో మూట. గడప నిండింది. డప్పు ఆగగానే గుంటలోంచి కియ్ కియ్.

నేను గొంతెత్తి రామనామం మొదలుపెట్టాను. అవ్వ అందుకుంది, సక్కుబాయి అందుకుంది. కోడిపిల్లలు ఇంకా పై గొంతు అందుకున్నాయి. మేము ఇంకా గట్టిగా పాడాం. గడపలో ఉన్నవాళ్ళు కూడా ఊగుతూ పాడసాగారు. నాడె అటూ ఇటూ పరుగెత్తుతోంది. నాలుగు వేళ్ళ నేత మిగిలింది, రెండు వేళ్ళు మిగిలింది.

కొమురెల్లి కాకకు ఆపుకోవడం కాలేదు. కన్నీళ్ళు మీసం మీదికి కారుతుండగా ముందుకు వచ్చాడు. "గిసొంటి భక్తుడు మన వాడకట్టుల పుట్టుడు మన అదృష్టం. పెద్దోణ్ణయితే ఏందిరా, నీ కాళ్ళు మొక్కకుంటే నాకు పాపం!"

నా కాళ్ళు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. గుంటలో ఉన్నాయి.

"వద్దు కాకా! నీ దండం బెడత, వద్దు!"

"సూడుండ్రి, ఎంత వినయమో!" అని ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకొని, రెండు చేతులూ గుంటలోకి చాచాడు.

పాట ఆగిపోయింది. కాక అరుపు గుడిదాకా వినపడి ఉంటుంది. చేయి పైకి లాక్కుంటే చూపుడు వేలి మీద రక్తం చుక్క. ఆ చేతి వెనకే పొడల పెట్ట మెడ ఈకలన్నీ నిక్కించి గుంట అంచుదాకా ఎగిరి, అందరినీ ఒకసారి తిట్టి, మళ్ళీ కిందికి దూకింది.

 పిల్లల కియ్ కియ్ ఒక్కటే వినిపిస్తోంది.

"నేను అప్పుడే అనుకున్న!" అన్నాడు దశరథం. "మోకాలి కాడ కడుపేంది అని! దేవుని బట్ట కింద కోడిని పొదుగబెట్టిన్రు. మైల పట్టింది గీ బట్ట. కాకా, ఫికర్ జెయ్యకు. నేను మడితోని నేసి తెచ్చిన, పండుగ ఆగద్దు." మూట విప్పాడు. చీర, ధోవతి, కండువా. నిజం చెప్పాలంటే నా నేతకంటే చక్కగా ఉన్నాయి.

మా అవ్వ ముఖం చూశాను. మా బాపు మంచాన పడ్డ ఏడు ఎట్లా ఉండిందో మళ్ళీ అట్లాగే ఉంది. అయినా ఇక దాచేది ఏముంది?

"కాకా, తానాలు భక్తితోని కాదు" అన్నాను. "పెట్ట పొడిస్తే చేసినయి. కడుపు చప్పుడు కూడ దానిదే. అవతల పెట్టినం, ఉండలే. గుడ్లు చల్లబడుతుంటే చూడబుద్ధి కాలే. రాముని పెండ్లికి నేస్తూ ఒక తల్లిని గుడ్ల మీది నుంచి వెళ్ళగొట్టాల్నా వద్దా, నాకు తెల్వలే. ఇప్పటికీ తెల్వదు. మైల అంటే దశరథం బట్టనే పంపుండ్రి. వాని నేత మంచిగనే ఉన్నది."

"ఆగురా!" అంది అవ్వ. దశరథం ముందుకు పోయి నిలబడింది. "గీ బట్ట ఎప్పుడు నేసినవ్ రా దశరథం?"

"గీ పక్షం రోజులల్ల. తానం జేసే నేసిన."

"తానం ముందుగాల జేస్తివా, గుడ్లు ముందుగాల తింటివా?"

దశరథం మూటను మళ్ళీ చంకలోకి లాక్కున్నాడు.

"నా నల్లపెట్ట గుడ్లన్ని ఎవని కడుపులకు పోయినయిరా? వాకిట్ల మంచమేసి, మస్తుగున్నది మస్తుగున్నది అని ఎవడు అరిచిండు? వాడకట్టంత విన్నది!"

"నువ్వే ఇస్తివి గద ఐలవ్వా!"

"తినుమని ఇచ్చిన. తిని దేవుని బట్ట నెయ్యుమన్ననా?"

గడపలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. కొమురెల్లి కాక మాత్రం నవ్వలేదు. వేలు నోట్లో పెట్టుకున్నాడు. తరువాత గుంట దగ్గరికి వచ్చి, ఈసారి చేతులు వెనక కట్టుకొని, వంగి చూశాడు. రెక్క కింది నుంచి రెండు తలలు ఆయన్ను చూశాయి.

"నీసు అంటే మన పెద్దలు ఏమన్నరు? గుడ్డు పొయ్యి మీదికి ఎక్కద్దన్నరు" అన్నాడు మెల్లగా. "గీ ఇంట్ల ఎక్కలే. ఒక ఇంట్ల గుడ్లు తిన్నరు, ఒక ఇంట్ల గుడ్లను సాకిన్రు. నాకు తెలిసింది గంతే. పర్శరాం బట్టనే పోతది." దశరథం వైపు తిరిగాడు. "నీ చెయ్యి మంచిదిరా, కాదంటలేను. నీ వంతు వచ్చినప్పుడు నోరు కట్టుకొని నెయ్యి."

మా అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను మళ్ళీ కాళ్ళు దించబోయాను.

"ఆగు ఆగు" అన్నాడు కాక. "పుట్టిన పిల్లలు నీ పలక కింద పడితే? ముందు వాటిని తియ్యాలె. తల్లి ఇప్పుడు ఏడికైనా వస్తది, పిల్లలు ఏడుంటే ఆడికి."

తీసేది ఎవరు? నేను మడిలో ఉన్నాను. సక్కుబాయి, అవ్వ బట్ట పట్టుకోవడానికి మడి కట్టుకున్నారు. వచ్చినవాళ్ళంతా గుడికి పోయేందుకు స్నానాలు చేసి వచ్చారు. అందరి చూపూ ఒక్కడి మీదికి పోయింది.

"నాకేం మడి ఉన్నది ఇగ" అని గొణిగి దశరథం గుంటలోకి దిగాడు.

పొడలది ఆయన్ను మోచేతిదాకా పొడిచింది. ఆయన తిట్టలేదు. ఒక్కొక్క పిల్లనే దోసిట్లోకి తీసుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, చంకలో ఉన్న తన కండువానే ఒడిలో పరిచాడు. అంత సన్నని నేత మీద అవి నిలవలేక జారుతుంటే అంచులు పైకి పట్టుకున్నాడు. చివరి గుడ్డు ఇంకా పూర్తిగా పగలలేదు, పెంకు లోపలి నుంచి టిక్కుటిక్కుమని కొడుతోంది. దశరథం దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. తరువాత, ఎవరూ చూడడం లేదనుకొని, కళ్ళు మూసుకొని రెప్ప మీద ఆనించుకున్నాడు.

"ఏందిరా, వెచ్చగున్నదా?" అంది అవ్వ. గొంతులో ఇందాకటి కోపం లేదు.

"ఇన్ని రోజులు తిన్న గాని, గిట్లుంటదని ఎరుకలే" అన్నాడు దశరథం. పిల్లలున్న కండువాను రెండు చేతులతో పట్టుకొని వాకిట్లోకి నడిచాడు. పెట్ట ఆయన మడమలను పొడుస్తూ వెంటపోయింది.

నేను బావికి పోయి మరొక్కసారి స్నానం చేసి వచ్చి, ఆ రెండు వేళ్ళ నేత ముగించాను. ఎడమ పలక తొక్కినప్పుడు ఏ చప్పుడూ రాకపోతే నాకే వింతగా ఉంది. అవ్వ చేతుల మీదుగా బట్ట దిగింది. కొమురెల్లి కాక కూడా కోడి తాకిందని నెత్తి మీద రెండు కడవలు కుమ్మరించుకొని వచ్చి, బట్టల పళ్ళెం తలకెత్తుకున్నాడు. డప్పులతో గుడికి పోయాం.

గుడి ముందు పంతులు పళ్ళెం అందుకుంటూ కాక వేలికి చుట్టిన తడి గుడ్డను చూశాడు.

"వేలుకేమైంది కొమురెల్లి?"

 కాక నా వైపు చూడలేదు. తలపాగా సర్దుకొని, గంభీరంగా చెప్పాడు.

"ఏం కాలే పంతులూ. పొద్దుగాల ఒక తల్లి ఆశీర్వాదం తీసుకున్న. జర గట్టిగిచ్చింది."